కాలనీ మీటింగులతో దొంగతనాలు తగ్గుతాయా? వరంగల్ గల్లీలో నిలబడి ఒక లెక్క

(దృశ్యం: హన్మకొండలో ఒక గల్లీ, పొద్దుగూకే వేళ. కరెంటు స్తంభానికి సీసీ కెమెరా.)

నమస్తే. ఈ కెమెరాను మా కాలనీ వాళ్లం ఇంటికింత చందా వేసుకుని పెట్టించుకున్నాం. పోలీసులు ‘నేను సైతం’ పేరుతో జనంతో పెట్టించిన ఇలాంటి కెమెరాలు తెలంగాణలో చాలాచోట్ల కనిపిస్తాయి.

పోయినేడు మా ఇంటి ముందు నుంచే నా బండి పోయింది. ఫుటేజీలో ఒక పిల్లగాడు కనబడ్డాడు, ముఖానికి దస్తీ కట్టుకున్నాడు. ఠాణాకు పోతే, “రెండ్రోజులు దేవులాడుకో, దొరకకుంటే రా” అన్నారు. మూడోసారి పోతేగానీ ఎఫ్‌ఐఆర్ కాలేదు. దొంగతనం లాంటి నేరానికి ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే, లలితా కుమారి కేసులో చెప్పింది.

అన్ని రోజులూ నా బండి ఏ లెక్కలోనూ లేదు. అందుకే “నేరాలు తగ్గాయి” అని ఎవరన్నా నేను ముందు అడిగేది ఒకటే: తగ్గింది నేరమా, కేసు రాయడమా?

(స్క్రీన్ మీద: 24 అక్టోబర్ 2014, షీ టీమ్స్)

ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్, హైదరాబాద్‌లో మొదలై తర్వాత రాష్ట్రమంతా వచ్చాయి. ఒకప్పుడు కాజీపేట బస్టాప్‌లో ఎవడైనా వెంటపడితే తల దించుకుని పోయిన అమ్మాయి ఇవాళ ఫోన్ తీసి ఫిర్యాదు చేస్తే, కాగితం మీద కేసులు పెరుగుతాయి. నా దృష్టిలో అది మంచి పెరుగుదల.

మరి పోలీసులు జనంలోకి వస్తే నేరం నిజంగా తగ్గుతుందా? బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండా... ఈ ఆరు దేశాల్లో ఒకేసారి పరీక్షించి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పోలీసులు జనంతో మీటింగులు పెట్టారు, గల్లీల్లో తిరిగారు. నేరమూ తగ్గలేదు, నమ్మకమూ పెరగలేదు. చదివినప్పుడు నాకు బాధేసింది. కానీ కారణాలు చూస్తే మన ఊరి సంగతే అనిపించింది. పైఅధికారులు దాన్ని ముఖ్యమనుకోలేదు. జనానికి అలవాటైన పోలీసు బదిలీ అయిపోయాడు. జనం చెప్పిన సమస్య వెంట పడేందుకు మనుషులూ లేరు, డబ్బూ లేదు.

రాజస్థాన్‌లో జరిగిన ఇంకో ప్రయోగం కూడా ఇదే వైపు చూపిస్తుంది. ఠాణాలో జనం ప్రతినిధులను కూర్చోబెడితే గట్టి ఫలితం రాలేదు. సిబ్బందికి శిక్షణ ఇస్తే మాత్రం బాధితుల సంతృప్తి పెరిగింది.

(దృశ్యం: ఎనుమాముల మార్కెట్, రాత్రి. మిర్చి బస్తాల మీద టార్పాలిన్లు, పక్కనే రైతుల నిద్ర.)

మిర్చి సీజన్‌లో ఒక రాత్రి ఇక్కడ ఉన్నాను. ఒక పెద్దాయన, హమాలీ, బీట్ కానిస్టేబుల్‌ను ఆపి, “సార్, ఆ ఆటో రెండుసార్లు తిరిగింది, నంబరుకు మట్టి పూసి ఉన్నది” అన్నాడు. కానిస్టేబుల్ అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. పొద్దున్నే ఛాయ్ బండి దగ్గరికి వెతుక్కుంటూ వచ్చాడు. “కాకా, అది పరకాల రైతు ఆటో. జాగ దొరకక తిరిగిండట. నువ్వు చెప్పుడు మంచిదైంది.”

దొంగ దొరకలేదు, అసలు దొంగే లేడు. కానీ ఆ పెద్దాయన రేపు నిజంగా అనుమానం వస్తే మళ్లీ చెప్తాడు. కెమెరా చూడగలదు గానీ, ఈ ఆటో కొత్తదని దానికి అనిపించదు.

అందుకే తెల్లారుజామున ఇంటింటికీ వచ్చి కాగితాల్లేని బండ్లు పట్టుకుపోయే కార్డన్ సెర్చ్‌ను నేను ఈ కోవలో వేయలేను. కిరాయి ఇళ్లలో ఉండే కూలీలకు దాంతో మిగిలేది టెన్షనే.

(దృశ్యం: మళ్లీ అదే గల్లీ, చీకటి.)

మా కాలనీ మీటింగ్ ఈ ఆదివారం. బండి పోయిన ఈ మూలకు వీధిలైటు కావాలని పోయినసారే రాసిచ్చాం, ఇంకా వెలగలేదు. మైకు మా చేతికి రాగానే ముందు దాని గురించే అడుగుతాం.