‘ధైర్యంగా ఉండమ్మా’ అని చెప్పకండి

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడుకి వెనక వరసల్లో వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. క్లాసురూముల్లో అరిచిన గొంతే, ఇబ్బందేమీ లేదు.

జూన్ 23ని అంతర్జాతీయ వితంతు దినంగా ఐక్యరాజ్య సమితి 2010లో గుర్తించింది. ఆ పేరు మీదే ఇవాళ విజయవాడలో మనం ఇలా కలిశాం. నాకిచ్చిన అంశం ‘భర్తను పోగొట్టుకున్నాక విశ్వాసం, ధైర్యం’. నిర్వాహకులు ఫోన్ చేసి, “మీరు చాలా ధైర్యవంతులు మేడమ్, అదెలా వచ్చిందో చెప్పండి చాలు” అన్నారు. నేను ధైర్యవంతురాలినని ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఇప్పటికీ రాత్రి పదిన్నర దాటాక ఫోన్ మోగితే నా చేతులు వణుకుతాయి. కాబట్టి ధైర్యం ఎలా వచ్చిందో కాకుండా, నాకు దాన్ని ఎవరిచ్చారో చెబుతాను.

మావారు మందుల కంపెనీలో పనిచేసేవారు. ఒకరోజు రాత్రి గుంటూరు నుంచి బండి మీద వస్తూ, మంగళగిరి దాటాక హైవే పక్కన లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకున్నారు. హెల్మెట్ ఉంది. అయినా దక్కలేదు. ఆ రాత్రి గురించి ఇంతకంటే చెప్పను. మీలో చాలామందికి అలాంటి రాత్రి ఒకటి ఉంది. నాది వింటే కొత్తగా తెలిసేదేమీ లేదు.

తర్వాత ఇంటి నిండా జనం. వచ్చినవాళ్లలో సగంమంది కారణం చెప్పడానికే వచ్చినట్టున్నారు. ఆయుష్షు అంతే రాసుందని ఒకరు. మంచివాళ్లని దేవుడు తొందరగా తీసుకెళ్లిపోతాడని ఒకరు. అంటే ఇక్కడ మిగిలిన మనమంతా ఎవరం? ఒక పెద్దాయనైతే మా గుమ్మంలో నిలబడి, ఈశాన్యంలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉందమ్మా, అందుకే ఇలా అయింది అన్నారు. అది అద్దె ఇల్లు. ఇల్లుగలాయన పై అంతస్తులోనే, అదే ట్యాంకు కింద, నిక్షేపంగా ఉన్నారు.

కారణాలు అయిపోయాక అందరూ చెప్పే మాట ఒకటుంది. “ధైర్యంగా ఉండమ్మా, పిల్లల కోసమైనా.” చెప్పేవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఆ మాట పడ్డ మనిషికి అది ఎలా వినిపిస్తుందో తెలుసా? ‘నువ్వు ఏడుస్తుంటే మేం చూడలేకపోతున్నాం, ఆపు’ అన్నట్టు వినిపిస్తుంది. నేను ఆపేశాను. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడవడం అలవాటు చేసుకున్నాను.

ఇక విశ్వాసం సంగతి. మా ఇంట్లో దుర్గమ్మ భక్తి ఎక్కువ. దసరాల్లో ఆయన క్యూలో నిలబడి మరీ దర్శనం చేసుకునేవారు. అలాంటిది, ఆయన పోయాక ఏడాది పాటు కొండ ఎక్కకూడదన్నారు. ఏడాది మైల. మన వైపు ఇది అందరికీ తెలిసిన ఆచారమే, నేను దాన్ని వెక్కిరించడం లేదు. కానీ మనిషికి దేవుడితో అన్నిటికంటే ఎక్కువ పని పడే ఏడాదే రావద్దంటే, ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

మా పక్క వాటాలో ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ అమ్మాయి నన్ను అక్కా అనేది. నాకు కారణం చెప్పని కొద్దిమందిలో తనొకతి. ఒకరోజు, “గుణదల వెళ్తున్నాను, వస్తావా అక్కా?” అని మాత్రం అడిగింది. విజయవాడ వాళ్లకి గుణదల మేరీమాత కొండ గురించి నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్లలో అక్కడ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. ఎవరిది ఏ మతమో కనిపెట్టడం కష్టం. మేం వెళ్లింది తిరునాళ్లప్పుడు కాదు, మామూలు రోజు. మైలా అని నన్ను అడిగినవాళ్లు లేరు.

మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. “ఎందుకే ఇలా చేశాడు దేవుడు?” అని తనని అడిగాను. అన్నాళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. తను నాకు ఏమీ బోధించలేదు. “పైన సిలువ ఉంది కదక్కా. దాని మీదున్నాయన కూడా నన్నెందుకు చెయ్యి విడిచావని వాళ్ల నాన్ననే అడిగాడు. ఆయన అడగంగా లేంది నువ్వడిగితే తప్పేంటి?” అంది.

నేను మతం మారలేదు. మీలో కొందరికి ఆ అనుమానం వచ్చి ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి తన బైబిల్ అడిగి తీసుకుని యోబు కథ చదివాను. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా పుండ్లు. ఆయన దేవుడితో మామూలుగా పోట్లాడడు. స్నేహితులు వచ్చి, నువ్వు ఏదో పాపం చేసుంటావు, అందుకే ఇలా జరిగిందని కారణాలు చెబుతారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీదో తెలుసా? ఆ స్నేహితుల మీద! నాకు మా ఈశాన్యం పెద్దాయన గుర్తొచ్చి, చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మన దగ్గర మాత్రం లేదా? మహాభారతంలో స్త్రీపర్వం తీయండి. యుద్ధం అయిపోయాక కురుక్షేత్రంలో ఆడవాళ్లు తమవాళ్ల శవాలు వెతుక్కుంటూ తిరుగుతారు. గాంధారి కృష్ణుడిని నిలదీస్తుంది. ఆపగలిగిన వాడివి, ఎందుకు ఆపలేదంటుంది. నీ వంశం కూడా ఇలాగే పోతుందని శపిస్తుంది. కృష్ణుడు కోప్పడడు, ఆ శాపాన్ని తీసుకుంటాడు. దేవుడిని అంత మాట అన్న మనిషిని వ్యాసుడు నాస్తికురాలిగా చూపించలేదు. ఎదురుగా లేనివాడితో ఎవరూ పోట్లాడరు కదా.

ఇంకోటి కూడా అనాలి. భర్త పోయినవాళ్ల ముందు సావిత్రి కథ ఎత్తకండి. యముడి వెంటపడి ప్రాణాలు తెచ్చుకుందంటే, మేం సరిగ్గా వెంటపడలేదనా? నేనైతే కుంతి గురించి చెబుతాను. అడవిలో భర్త పోయాడు. మాద్రి చితి ఎక్కింది. అయిదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని, దిక్కెవరో తెలియని హస్తినాపురానికి నడిచొచ్చిన ఆడమనిషి ఆవిడ. ఆ పిల్లల్లో ఇద్దరు సవతి పిల్లలు కూడాను.

ఏడాది గడిచాక ఇంద్రకీలాద్రి ఎక్కాను. అమ్మవారితో కూడా పోట్లాడాను. జవాబు రాలేదు. ఇప్పటికీ లేదు. కానీ ఇంత పోట్లాడినా నన్ను గెంటెయ్యలేదన్న నమ్మకం ఒకటి నిలిచింది. నా విశ్వాసం అంతే, ఇంతకంటే పెద్దది నా దగ్గర లేదు.

ఇప్పుడు ధైర్యం సంగతి. నాకది చేబదులుగా దొరికింది. మొదట ఇచ్చినావిడ మా అత్తయ్య.

పదో రోజు గాజులు, బొట్టు తీసే తతంగానికి తెల్లవారుజామునే బంధువులు వచ్చారు. మన ప్రాంతంలో ఈ విషయం మీద జరిగిన పోరాటం చిన్నది కాదు. 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. మన గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు ఇలాంటి ఆడవాళ్లకి నీడ ఇచ్చారు, 1922లో శారదా నికేతనం పెట్టి చదువు చెప్పించారు. మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హెర్వాడ్ అనే పల్లెటూరు 2022లో గ్రామసభ పెట్టి మరీ ఈ గాజులు పగలగొట్టే తంతు ఇక వద్దని తీర్మానం చేసింది. ఇంత జరిగాక కూడా, లిఫ్టు ఉన్న అపార్టుమెంటులోకి పసుపు నీళ్ల చెంబు పట్టుకుని వచ్చారు మావాళ్లు.

అత్తయ్య గుమ్మంలో నిలబడింది. పెద్దగా చదువుకోలేదు. కడుపున పుట్టిన కొడుకు పోయి పది రోజులైంది. “ఆ బొట్టు దానికి వాళ్లమ్మ ఉయ్యాలలో పెట్టింది. ఆ గాజులు వాళ్లమ్మ తొడిగింది. నా కొడుకు పెట్టనివి, నా కొడుకు పోయాడని మీరు తీసేదేంటి? తాళి సంగతి అది చూసుకుంటుంది. మీరు కాఫీ తాగి వెళ్లండి” అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు. నాకంటే పెద్ద దుఃఖం మోస్తున్న మనిషి నా కోసం ఆ రోజు నిలబడింది. నేను ఇవాళ బొట్టు పెట్టుకుని ఈ వేదిక మీద ఉన్నానంటే అది ఆవిడ ఇచ్చిందే. ఇక్కడికి రమ్మంటే రాలేదు, సీరియల్ టైమట.

తర్వాతి చేబదులు మా స్కూల్లో పనిచేసే గుమాస్తాగారిది. ఆయన ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. ఒక ఫైలు, పంచింగ్ మిషను తెచ్చి, “అన్ని కాగితాలూ ఇందులో పెట్టండి టీచర్‌గారూ, ఒక్కటి కూడా ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి” అన్నారు. ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన ఆడవాళ్ల సభల్లో కన్నీళ్ల గురించి చెప్పినంతగా కాగితాల గురించి చెప్పరు.

రోడ్డు ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు నకళ్లు ముందు తీసుకోండి. నష్టపరిహారం కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేయాలి. ప్రమాదం ఎక్కడో జరిగినా మీరు ఉంటున్న చోట వేసుకోవచ్చు. చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, కాబట్టి ఏడాది మైల పోనీ అని కూర్చోకండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా, ప్రాణం పోతే 2 లక్షల పరిహారం ఇచ్చే పథకం 2022 నుంచి ఉంది. ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి మే, జూన్ నెలల్లో చూడండి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా, 436 అయితే జీవిత బీమా. రెండిటిలోనూ 2 లక్షలు వస్తాయి. చాలా ఇళ్లలో ఆ 20 రూపాయలు కట్ అవుతున్నట్టు భార్యకి తెలియనే తెలియదు. జీతంలో పీఎఫ్ కోత ఉందా? ఉంటే ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యాపిల్లలకి పెన్షన్ హక్కు ఉంటుంది. మన రాష్ట్ర ప్రభుత్వం వితంతువులకు ఇచ్చే పింఛను 2024 జులై నుంచి నెలకి 4,000.

బ్యాంకులో నామినీగా మీ పేరుంది కదాని డబ్బంతా మీదే అనుకోవద్దు. హిందువులకు 1956 వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే, భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకోవాలి. తల్లిని మర్చిపోయే కోడళ్లున్నారు, కోడల్ని తోసేసే తల్లులున్నారు. మా ఇంట్లో అత్తయ్య వాటా ఆవిడ పేరున ఎఫ్‌డీ వేశాం. వడ్డీ నెలనెలా చూసుకుని మురిసిపోతుంది.

ఒక బీమా కంపెనీ మా క్లెయిము మొదట తిప్పి పంపింది. లైసెన్సు నకలు మసకగా ఉందట. ఆ ఉత్తరం చూసి నాకు దుఃఖం రాలేదు, మంట పుట్టింది. ఆయన పోయాక నాకు మొదటిసారి ఒంట్లో శక్తి తెలిసింది ఆ రోజే. భక్తి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు కానీ, కోపం కొన్నాళ్లు మనిషిని నిలబెడుతుంది.

నిద్ర పట్టక, తిండి సహించక నెలలు గడుస్తుంటే మాత్రం దాన్ని పూజలకి వదిలెయ్యకండి. డాక్టరుకి చూపించుకోండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. గుంటూరు బస్సు ఆ చోటు దాటేటప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదు. టెన్షన్‌తో దిగిపోయిన రోజులున్నాయి. మందులు వాడాను. దేవుడి మీద నమ్మకం తక్కువై కాదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడిన సంగతి మీ అందరికీ తెలుసు. మీలో కొందరు ఆ నీళ్లలో ఉన్నవాళ్లే. నీరు తీశాక మేం కొందరు టీచర్లం చీపుళ్లు, బ్లీచింగ్ పట్టుకుని వెళ్లాం. ఒకింట్లో గోడ మీద నీటి గీత నా భుజం దాకా ఉంది. ఆ వరదలోనే భర్త పోయిన అమ్మాయి, చిన్నపిల్ల, బురద పట్టిన బియ్యం డబ్బా ముందు కూర్చుని ఉంది. నా గురించి ఎవరో చెప్పినట్టున్నారు. నన్ను చూసి, “ఆంటీ, మీరు మళ్లీ వంట ఎప్పుడు మొదలుపెట్టారు?” అని అడిగింది.

దేవుడి గురించి అడగలేదు. ఎందుకిలా జరిగిందని అడగలేదు. వంట ఎప్పుడని అడిగింది. నేను చెప్పాను: “పదిహేను రోజుల దాకా పక్కింటమ్మాయి క్యారేజీ పంపింది. ఆ తర్వాత ఒకరోజు మా చిన్నోడు ఉప్మా కావాలన్నాడు. చేశాను. ఉప్పు ఎక్కువైంది. తిన్నాడు.” ఆ అమ్మాయి తలూపింది. ఇద్దరం కలిసి ఆ డబ్బా కడిగాం. తర్వాత వాళ్ల వార్డు సచివాలయానికి తనతో వెళ్లాను, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టించాను. తను ఇప్పుడు టైలరింగ్ చేస్తోంది. రెండో వరసలోనే ఉంది, పేరు చెప్పొద్దంది.

మగవాళ్లకో మాట. భార్య పోయినవాళ్లు కూడా ఈ హాల్లో ఒకరిద్దరున్నారు. మిమ్మల్ని మూడో నెల్లోనే సంబంధాలు చూడమంటారు, ఏడవడానికి మాత్రం చోటివ్వరు. మీ సంగతి మాట్లాడడానికి నాకంటే తెలిసినవాళ్లు కావాలి, నిర్వాహకులు వచ్చేసారి వాళ్లని పిలవాలని కోరుతున్నాను.

నాకిచ్చిన టైము అయిపోయిందని ఇందాకట్నుంచి చీటీ పంపుతున్నారు. టీ వచ్చింది. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు టీ తాగి కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. మా గుమాస్తాగారు రిటైరైనా ఈ పనికి వచ్చారు. పాస్‌బుక్, ఆధార్, మరణ ధ్రువపత్రం జిరాక్సులు ఉంటే చాలు. ఒరిజినల్ ఆయనకి కూడా ఇవ్వకండి, ఆయనే తిడతారు.