నెలాఖరులో ఉషారు ఎక్కడికి పోతోంది?

(రాజమహేంద్రవరంలో బట్టల వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

తాడితోట హోల్‌సేల్ వాళ్లు, మెయిన్‌రోడ్డు షోరూముల వాళ్లు, కాకినాడ, అమలాపురం నుంచి వచ్చినవాళ్లు ఇంతమంది ఒక్కచోట దొరికారంటే అది మూఢం పుణ్యమే. ముహూర్తాల రోజుల్లో ఈ మీటింగు పెట్టి ఉంటే కుర్చీలకి ప్రసంగం చెప్పుకోవాల్సి వచ్చేది.

పొద్దుట్నుంచీ టీ దగ్గర ఒకటే మాట వింటున్నాను. "స్టాఫ్‌కి బొత్తిగా ఇంట్రెస్ట్ లేదండీ." కారణం ఏమనుకుంటున్నారని అడిగితే ఒకరు సెల్‌ఫోన్ అన్నారు. ఇంకొకరు ఈ తరం కుర్రాళ్లకి ఒళ్లు వంగదన్నారు. మూడో ఆయన పథకాల మీదకి తోసేశారు. ఈ మూడు కారణాలూ మనకి భలే సుఖంగా ఉంటాయి. ఎందుకంటే ఏ ఒక్కదాన్లోనూ మన షాపు లేదు.

నేను కౌంటర్ వెనక నిలబడి చీరలు మడతపెట్టి వచ్చినవాణ్ని. తర్వాత ఫ్లోర్ ఇన్‌చార్జ్‌గా చేశాను. ఇప్పుడు షాపుల వాళ్లు పిలిస్తే వెళ్లి, పని ఎక్కడ దిగజారుతోందో చూసి చెబుతుంటాను. నేను వెళ్లగానే యజమాని నలుగురి పేర్లు చెబుతారు, వీళ్లే అసలు సమస్య అని. నాకు పేర్లు అక్కర్లేదు. ఎప్పుడు అన్నది చెప్పండి అంటాను. ఏ తారీఖు నుంచి, ఏ వేళప్పుడు, ఏ అంతస్తులో? బద్ధకస్తుడికి పొద్దున్నా సాయంత్రమూ ఒకటే. ఫలానా వేళకే ఉషారు చచ్చిపోతోందంటే ఆ వేళకి అక్కడేదో జరుగుతోందన్నమాట.

దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మీ బిల్లింగ్ కంప్యూటర్లోనే అంతా ఉంది. ప్రతి బిల్లు మీదా టైము ఉంటుంది, తారీఖు ఉంటుంది, ఎవరు అమ్మారో చెప్పే సేల్స్‌మేన్ కోడ్ ఉంటుంది. జీఎస్టీ కోసం ఆడిటర్‌కి పంపడం తప్ప ఆ లెక్కని మనం వేరేగా ఎప్పుడూ చూడం.

ఒక షోరూము సంగతి చెబుతాను, పేరు వద్దు. పట్టుచీరల కౌంటర్లో ప్రతి నెలా ఇరవై అయిదు దాటాక అమ్మకం పడిపోయేది. నెలాఖరు కదా, జనం చేతిలో డబ్బులుండవు అనుకున్నారు యజమాని. సబబుగానే ఉంది. కానీ ఆ డబ్బుల్లేని జనమే కింద అంతస్తులో పిల్లల రెడీమేడ్‌లు మామూలుగానే కొంటున్నారు. పైగా పెళ్లి పట్టుచీర జీతం రోజు చూసుకుని కొనేది కాదు, ముహూర్తం చూసుకుని కొనేది. అందుకని ఇరవై ఏడో తారీఖున వెళ్లి ఆ కౌంటర్ పక్కన బ్లౌజు పీసులు చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఎప్పుడూ వచ్చే ఒకావిడ వచ్చారు. రెండు చీరలు నచ్చాయి. సేల్స్‌మేన్ గొంతు తగ్గించి, "అక్కా, ఒకటో తారీఖు దాటాక రండి. ధర్మవరం నుంచి కొత్త లాట్ దిగుతోంది. ఈ రెండూ మీ పేరు మీద పక్కన పెట్టేస్తాను, ఎవరికీ చూపించను" అన్నాడు. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయారు. ధర్మవరం నుంచి ఏ లాటూ రావడం లేదు. బేరాన్ని వచ్చే నెలకి దాచుకున్నాడంతే.

ఎందుకు? వాడి టార్గెట్ అప్పటికే అయిపోయింది. ఆ షాపులో పద్ధతి ఏమిటంటే, ఈ నెల ఎంత అమ్మితే వచ్చే నెల టార్గెట్ దానికి దగ్గరగా జరుగుతుంది. ఆరు లక్షల టార్గెట్ ఉన్నవాడు పెళ్లిళ్ల సీజన్లో ఎనిమిది లక్షలు అమ్మాడనుకోండి. శభాష్ అంటారు, మర్నెల ఏడున్నర పెడతారు. ఆ మర్నెల మూఢం వస్తుంది. ఇన్సెంటివ్ పోతుంది, మీటింగులో అందరి ముందు మాట పడాల్సి వస్తుంది. ఒకసారి ఇలా అయ్యాక ఏ తెలివైనవాడైనా ఆరు లక్షలా పది వేల దగ్గర చెయ్యి ఆపేస్తాడు. కౌంటర్‌కి ఆనుకుని ఫోను చూసుకుంటాడు. అదిగో, మనకి కనిపించే సెల్‌ఫోన్ అది!

ఇదేదో మన వాళ్ల జిత్తులమారితనం అనుకోకండి. అమెరికాలో షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అని ఒక ఫ్యాక్టరీ ఉండేది. మేనేజ్‌మెంటు క్లాసుల్లో దాని పేరు మీలో కొందరి పిల్లలు చదివే ఉంటారు. దీపాల వెలుతురు పెంచినా తగ్గించినా పని పెరిగిందన్న కథ అందరూ చెబుతారు. నాకు పనికొచ్చిన కథ వేరే ఉంది. 1931 చివర్లో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పరికరాలకి వైర్లు బిగించే పనిలో ఉన్న 14 మందిని ఒక గదిలో పెట్టి, కొన్ని నెలలపాటు ఊరికే గమనించారు. ఎంత ఎక్కువ చేస్తే అంత కూలి వచ్చే లెక్క. అయినా ఎవరూ ఒక హద్దు దాటేవారు కాదు. హద్దు దాటినవాడి జబ్బ మీద తోటివాళ్లు ఒక్కటిచ్చేవారు. ఎక్కువ చేసి చూపిస్తే కంపెనీ రేటు తగ్గించేస్తుందని వాళ్ల భయం. మన కౌంటర్లలో గుద్దులు లేవు కానీ, కొత్త కుర్రాడు ఉత్సాహంగా అమ్మేస్తుంటే సీనియర్ అనే మాట మాత్రం ఉంది: "ఏరా, నీతోపాటు మా అందరి టార్గెట్లూ పెంచుతావా?"

ఆ యజమాని చివరికి టార్గెట్‌ని ఏడాదికి ఒకసారే మార్చేలా, సీజన్‌కి ఒకటి, మూఢానికి ఒకటి ముందే రాసి గోడకి అంటించేలా ఒప్పుకున్నారు. ఒప్పించడానికి చాలా టీలు తాగాల్సి వచ్చింది.

కోడ్ గొడవ ఇంకోటి. పట్టుచీరల పార్టీ, అంటే కొనడానికొచ్చే కుటుంబం, వచ్చిందంటే ఒక అమ్మాయి యాభై చీరలు విప్పి చూపిస్తుంది. పైట భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడుతుంది. వాళ్లు భోజనం చేసి వస్తామని వెళతారు. తిరిగొచ్చేసరికి ఈ అమ్మాయి తిండికి వెళ్లి ఉంటుంది. ఇంకొకరు రెండు నిమిషాల్లో బిల్లు వేయిస్తారు. కోడ్ వాళ్లది, ఇన్సెంటివ్ వాళ్లది. విప్పిన యాభైలో కొన్నవి పోగా మిగిలినవన్నీ మడతపెట్టే పని మాత్రం ఈ అమ్మాయిది. పది రోజులు ఇలా జరిగితే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? మెట్ల దగ్గరే మనిషిని అంచనా వేయడం నేర్చుకుంటుంది. వీళ్లు కొనేవాళ్లా, చూసిపోయేవాళ్లా? చెప్పులు చూస్తుంది, చేతి సంచి చూస్తుంది. చూసిపోయే రకం అనిపిస్తే ర్యాకు సర్దుతున్నట్టు అటు తిరుగుతుంది. మీరు సీసీ కెమెరాలో అది చూసి పొగరు అంటారు. కౌంటర్ మొత్తానికి ఇన్సెంటివ్ కట్టి, అక్కడున్న వాళ్లందరికీ పంచి చూడండి. మడతపెట్టడానికి చేతులు వాటంతటవే వస్తాయి. పని దొంగలు కూడా వాటా కొట్టేస్తారని మీరంటారు. నిజమే, కొంత కొట్టేస్తారు. కానీ వాళ్లని మీకంటే ముందు ఆ కౌంటరే పట్టుకుంటుంది.

ఆషాఢం సేల్ సంగతి కూడా అనాలి. డిస్కౌంట్ సరుకు మీద ఇన్సెంటివ్ లేదని చాలా షాపుల్లో రూలు. అంటే ఏడాదిలో జనం విరగబడే నెలలో, పని రెట్టింపయ్యే నెలలో, చేతికొచ్చేది తగ్గుతుంది. అలాంటి నెలలో మొహాలు వెలిగిపోవాలంటే ఎలాగండీ?

ఇక కాళ్లు. కొంతమందికి నచ్చదు, అయినా చెబుతాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి వచ్చిన మనిషి రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలనే రూలు మన దగ్గర చాలాచోట్ల ఉంది. పార్టీ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కోళికోడ్‌లో బట్టల షాపుల ఆడవాళ్లని కూడగట్టి పి. విజి అనే ఆవిడ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. ఆవిడ కూడా కుట్టుపని చేసుకునే మనిషే. దాంతో కేరళ ప్రభుత్వం 2018లో షాపుల చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా చట్టంలో సీటు తప్పనిసరి చేసింది. ఎవరో చెప్పేదాకా ఆగక్కర్లేదు, కౌంటర్‌కి రెండు స్టూళ్లు వేయండి. కూర్చుంటే నిద్రపోతారన్న భయం నేనూ విన్నాను. నిలబడి నిద్రపోవడం మీరు చూడలేదు, నేను చూశాను.

సాయంత్రం ఎనిమిదిన్నర తర్వాత అమ్మాయిల చూపు గడియారం మీద ఉంటుందని ఒకాయన విసుక్కున్నారు. ఉంటుంది. కోరుకొండ వైపు, కడియం వైపు వెళ్లేవాళ్లకి ఆఖరి బస్సు ఉంటుంది. షట్టర్ దించాక స్టాక్ లెక్క ఎంతసేపు పడుతుందో ఎవరూ ముందు చెప్పరు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైముకి రెట్టింపు ఇవ్వాలన్న సంగతి మనందరికీ తెలుసు, ఎవరం మాట్లాడుకోం. డబ్బు మాట అలా ఉంచండి, ఇంటికి ఎన్నింటికి చేరతానో తెలియకపోవడమే మనిషిని సగం తినేస్తుంది. అమెరికాలో గ్యాప్ బట్టల షాపుల్లో డ్యూటీ వేళలు ముందుగా చెప్పి, వాటిని అస్తమానూ మార్చకుండా ఉంచి చూశారు. ఆ షాపుల్లో అమ్మకాలు సుమారు 7 శాతం పెరిగాయని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అదే సరుకు, అదే ధర.

షార్టేజీ కట్టింగుల గురించి ఒక్క మాట. చీర పోయింది, ఎవరు తీశారో తెలీదు, కౌంటర్లో అందరి జీతంలోనూ తలా కొంత కోసేశారు. నిజాయితీగా ఉన్నవాడికి ఆ రోజుతో షాపు మీద మమకారం తెగిపోతుంది. జరిమానా వేయాలన్నా మనిషిని సంజాయిషీ అడగాలి, ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. ఇది చట్టమే.

ఇవన్నీ మీ షాపులో ఉన్నాయో లేదో కనుక్కోవడం ఎలా? ఫారాలు పంచకండి. పేరు రాయక్కర్లేదన్నా చేతిరాత ఇన్‌చార్జ్‌కి తెలుసని అందరికీ తెలుసు. అన్ని ఫారాల్లోనూ "బాగుంది" అనే వస్తుంది. తృప్తిగా ఉన్నావా అని అడిగినా అంతే. నిన్న ఏం జరిగిందో చెప్పమనండి. నిన్న ఎన్నింటికి తిన్నావు? చివరి పార్టీ ఎందుకు కొనలేదు? ఇంటికి ఎన్నింటికి చేరావు? వీటికి జనం నిజం చెబుతారు. నిందేమీ లేదు కదా.

మానేసిన వాళ్లని మాత్రం తప్పకుండా అడగండి. మానేసే రోజున అడిగితే లాభం లేదు. ఆ రోజు ఇంట్లో బాగోలేదనే చెబుతారు, వాళ్లకి రావాల్సిన సెటిల్‌మెంట్ డబ్బు మీ దగ్గర ఉంది మరి. రెండు నెలలు పోయాక, కొత్త షాపులో కుదురుకున్నాక, మీకు సంబంధం లేని మనిషి చేత అడిగించండి. జీతం తక్కువని చెబితే దానికి చర్చ ఏముంది, పక్క షాపు కంటే తక్కువిస్తుంటే ముందు అది సరిచేసి తర్వాత నన్ను పిలవండి. కానీ చాలాసార్లు అయిదొందల తేడాకి వెళ్లాననే మనిషి ఇంకాసేపు కూర్చుంటే ఒక పేరు చెబుతాడు. ఆ పేరు ఇన్‌చార్జ్‌ది అయి ఉంటుంది. ఆ ఇన్‌చార్జ్ మీ బావమరిదో, మేనల్లుడో అయి ఉంటాడు.

నవ్వుతున్నారు. ఈ విషయంలో నా దగ్గర మందు లేదు. ఇంట్లో వాళ్లని కదపలేని యజమానులు చాలామంది నాకు తెలుసు. కనీసం లీవులు, కౌంటర్ మార్పులు వాళ్ల చేతుల్లోంచి తీసి ఒక రిజిస్టర్‌లో పెట్టించగలిగితే కొంత ఊపిరి ఆడుతుంది.

భోజనాల తర్వాత ఫోనులో మీ బిల్లింగ్ లెక్క తెరవగలిగినవాళ్లు కిందున్న చిన్న హాల్లోకి రండి. గడిచిన నెలలో తారీఖుల వారీగా, గంటల వారీగా ఏ కౌంటర్ ఎక్కడ పడిందో కలిసి చూద్దాం. దయచేసి ఎవరి పేరూ చెప్పకండి.