పొగ నల్లగా వస్తుంటే గుర్రాలు పెంచకండి

హోస్ట్: నమస్కారం. ఈసారి స్టూడియోలో కాదు, విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక షెడ్డులో కూర్చున్నాం. మధ్యమధ్యలో గ్రైండర్ చప్పుడు వస్తుంది, సర్దుకోండి. నా ఎదురుగా ఉన్న మాస్టారు ముప్పై ఏళ్లుగా బోటు ఇంజన్లతోనే బతుకుతున్నారు. పేరు వద్దన్నారు.

మాస్టారు: పేరు తెలిస్తే రాత్రి రెండింటికి కూడా ఫోన్ చేస్తారు బాబూ.

హోస్ట్: (నవ్వు) విషయం సర్ఫేస్ డ్రైవ్, అంటే ఫ్యాను (ప్రొపెల్లర్) సగం నీళ్లలో, సగం గాలిలో తిరుగుతూ బోటుని తోసే పద్ధతి. స్పీడ్ బోటు కొన్నవాళ్లలో చాలామంది చెప్పే బాధ ఒకటే: "లేవట్లేదు". లేవడమంటే ఏంటో ముందు చెప్పండి.

మాస్టారు: బోటు నెమ్మదిగా పోతున్నప్పుడు నీళ్లలో కూర్చుని పోతుంది. స్పీడు పెరిగితే అడుగున నీళ్లే తోసి పైకి ఎత్తుతాయి, అప్పుడు నీళ్ల మీద జారుతుంది. దాన్నే ప్లేన్ మీదకి రావడం అంటారు. చిక్కల్లా ఈ రెండింటికీ మధ్యలో. ముక్కు పైకి లేస్తుంది, వెనక కుంగుతుంది, బోటు తను లేపిన కెరటాన్నే తను ఎక్కాలి. పది మీటర్ల బోటైతే సుమారు పది నాట్ల స్పీడు, అంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల దగ్గర ఈ గట్టు తగులుతుంది. అది దాటిందా, ఇక హాయి.

హోస్ట్: మామూలు బోట్లకీ ఆ గట్టు ఉంటుంది కదా. సర్ఫేస్ డ్రైవ్‌కే ఎందుకంత గొడవ?

మాస్టారు: మామూలు బోటుకి ఫ్యాను అడుగున ఉంటుంది. షాఫ్టు, దాన్ని పట్టుకునే బ్రాకెట్టు, అన్నీ నీళ్లలో ఈడ్చుకుంటూ పోవాలి. సర్ఫేస్ డ్రైవ్‌లో షాఫ్టు వెనక పలకలోంచి నేరుగా బయటికొస్తుంది. స్పీడులో ఉన్నప్పుడు ఫ్యాను కింది సగమే నీళ్లలో, పై సగం గాలిలో. ఈడ్పు తక్కువ, అందుకే అంత స్పీడు. ఆలోచన పాతదే. హిక్‌మన్ అని కెనడా ఆయన 1910ల్లోనే తన సీ స్లెడ్ బోట్లకి ఇలా పెట్టాడు. తర్వాత అమెరికాలో హోవార్డ్ ఆర్నెసన్ దాన్ని పైకీ కిందికీ, పక్కలకీ కదిలేలా చేసి అమ్మాడు. ఆయన అంతకుముందు స్విమ్మింగ్ పూల్ కడిగే మెషిన్ కనిపెట్టినాయన.

హోస్ట్: అబ్బో!

మాస్టారు: ఇప్పుడు అసలు మాట. ఆ ఫ్యాను సగం మునిగి తిరగడానికి లెక్క వేసినది. కానీ బోటు నిలబడి ఉన్నప్పుడు వెనక భాగం కిందికి దిగి ఉంటుంది కదా, ఫ్యాను మొత్తం మునిగిపోతుంది. సగానికి చేసినదాని మీద పూర్తి నీళ్ల బరువు. టర్బో డీజిలేమో ఆర్‌పీఎమ్ పెరిగితేగానీ బలం చూపించదు. బలం వస్తేగానీ ఆర్‌పీఎమ్ పెరగదు. నాలుగో గేరులో సింహాచలం ఘాట్ ఎక్కించినట్టు. బండి గుంజుకుంటుంది, నల్లపొగ కక్కుతుంది.

హోస్ట్: అప్పుడు ఓనరు గుర్రాలు పెంచమంటాడు, అంటే ఇంకా ఎక్కువ హార్స్ పవర్ ఉన్న పెద్ద ఇంజన్ పెట్టమంటాడు.

మాస్టారు: అదే తప్పు! పెద్ద ఇంజన్ అంటే ఇంకా బరువు, అదీ వెనకే. అక్కడ బలం తక్కువై కాదు, ఫ్యాను చుట్టూ నీళ్లు ఎక్కువై బోటు లేవట్లేదు. గాలి కంటే నీళ్లు ఎనిమిది వందల రెట్లు బరువు. ఫ్యాను పై సగానికి కాస్త గాలి అందించావనుకో, ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే కొన్ని బోట్లకి వెనక పలక మీద, నీటి మట్టానికి పైన నోరు పెట్టి, ఫ్యాను ముందు దాకా గాలి గొట్టం దింపుతారు. ఫ్యాను తిరిగితే ఆ పీల్పుకి గాలి తనంతట తనే దిగుతుంది. పంపులేం అక్కర్లేదు. ఇంజన్ పొగనే అటు మళ్లించేవాళ్లూ ఉన్నారు.

హోస్ట్: గాలి మరీ ఎక్కువైతే?

మాస్టారు: ఫ్యాను పట్టు వదిలేస్తుంది. ఇంజన్ కేక పెడుతుంది, బోటు మాత్రం కదలదు. అందుకే గొట్టం మూతి పై సగానికి ఎదురుగానే ఉండాలి. వేలెడు అటూఇటూ అయినా తేడా తెలుస్తుంది.

హోస్ట్: డ్రైవ్‌నే పైకి ఎత్తేస్తే సరిపోదా? పైకీ కిందికీ కదులుతుందన్నారుగా.

మాస్టారు: మంచి మాట అడిగావు, తిరకాసంతా ఇక్కడే. ఎత్తితే ఫ్యాను తక్కువ మునుగుతుంది, ఇంజన్ ఆర్‌పీఎమ్ అందుకుంటుంది. కానీ ఎత్తినప్పుడు ఫ్యాను తోసే బలం బోటు వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది, ముక్కు ఇంకా లేస్తుంది. దించితే ముక్కు దిగుతుంది, ఇంజన్ గుంజుకుంటుంది. అందుకని ముక్కు పని ఫ్లాప్‌లకి, అంటే బోటు వెనక అంచున కిందికి వంచే రేకులకి, వదిలేయాలి. రెండు ఫ్లాప్‌లూ పూర్తిగా దించు, డ్రైవ్ కొంచెం ఎత్తు, థ్రాటిల్ ఇవ్వు. ఆర్‌పీఎమ్ అందుకోగానే డ్రైవ్‌ని మెల్లగా దించుకుంటూ రా. బోటు లేచాక ఫ్లాప్‌లు తీసెయ్. చేతికి అలవాటు కావాలి. మొదటి నాలుగైదు సార్లు ఎవడికీ రాదు.

హోస్ట్: మన జాలర్ల లాంగ్ టెయిల్ ఇంజన్ గుర్తొస్తోంది నాకు, పొడవాటి రాడ్డు చివర ఫ్యాను ఉంటుందే, అది.

మాస్టారు: అదీ! పెదజాలారిపేట ఒడ్డున పొద్దున్నే నిలబడి చూడు. ఫైబర్ తెప్ప కెరటం మీదకి ఎక్కుతున్నప్పుడు ఇంజన్ దగ్గుతుంది. వెనకున్న కుర్రాడు పిడి కిందికి నొక్కుతాడు, అటు తోక లేచి ఫ్యాను సగం బయటపడుతుంది, ఇంజన్ మళ్లీ పాడుతుంది. ఎందుకలా చేశావురా అని అడిగితే "ఏటో, బరువనిపించింది" అంటాడు. ఆ లెక్కే కోటి రూపాయల బోటుక్కూడా.

హోస్ట్: (నవ్వు) ఇదే ఊళ్లో నేవీ పరిశోధన చేసే ల్యాబు, ఎన్‌ఎస్‌టీఎల్ వాళ్ల దగ్గర మోడళ్లని లాగి చూడటానికి 500 మీటర్ల నీటి ట్యాంకు ఉంది.

మాస్టారు: వాళ్లు కాగితం మీద రాస్తారు, వీడు మోచేత్తో రాస్తాడు.

హోస్ట్: ఫ్యాను మార్చడం సంగతో?

మాస్టారు: పిచ్, అంటే ఫ్యాను రెక్కల వాలు, తగ్గిస్తే తొందరగా లేస్తుంది, పై స్పీడు పోతుంది. రెండు స్పీడ్ల గేర్‌బాక్సులూ ఉన్నాయి, ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి. వీటన్నిటికంటే ముందు బోటుని పైకి లాగి అడుగు చూడమంటాను. మన హార్బర్ నీళ్లలో కొన్నాళ్లు ఊరికే కట్టేస్తే చాలు, గుల్లలు పట్టేస్తాయి. గరుకు అడుగుతో ఏ బోటూ లేవదు. కింద నిలిచిన నీళ్లు తోడెయ్యాలి, మనుషుల్ని ముందుకి కూర్చోబెట్టాలి. ఇవి పైసా ఖర్చు లేనివి, అందుకే ఎవరూ చెయ్యరు.

హోస్ట్: మొన్న చెప్పిన ఆ కందిరీగ కథ చెప్పండి.

మాస్టారు: ఒకాయన బోటు. రెండింజన్లు, రెండు డ్రైవ్‌లు. మూడు నెలలు షెడ్డులో పెట్టి బయటికి తీశాడు, ఎంతకీ లేవట్లేదు. వేరే చోట టర్బో మార్పించాడు, ఇంజెక్టర్లు మార్పించాడు, చాలా డబ్బు వదిలింది. నన్ను పిలిచాడు. నేను ఇంజన్ ముట్టుకోలేదు. వెనక కూర్చుని థ్రాటిల్ ఇమ్మన్నాను. ఎడమవైపే నల్లపొగ, కుడివైపు శుభ్రంగా ఉంది. రెండూ ఒకే ఇంజన్లు, ఒకే ఫ్యాన్లు. మరి తేడా ఎక్కడ? గాలి గొట్టాల మీద చెయ్యి పెట్టాను. కుడిది అరచేతిని లోపలికి లాగుతోంది. ఎడమదాంట్లో చలనం లేదు.

హోస్ట్: మూసుకుపోయిందా?

మాస్టారు: టార్చి వేస్తే లోపల మట్టిగూడు. ఆ మూడు నెలల్లో కందిరీగ కట్టుకుంది. కొబ్బరి ఈనెలు నాలుగు కలిపి కట్టి పొడిచాను, అరగంటలో ఉండలుండలుగా రాలింది. సాయంత్రం బోటు లేచింది.

హోస్ట్: మళ్లీ కట్టుకోకుండా జాలీ వేశారా?

మాస్టారు: వేశాను, మరీ సన్నది కాదు. సన్నదైతే ఉప్పు పేరుకుని అదే మూసుకుపోతుంది. బయల్దేరే ముందు ప్రతిసారీ రెండిటి మీదా అరచెయ్యి పెట్టి చూడమన్నాను.

హోస్ట్: చూస్తున్నాడంటారా?

మాస్టారు: ఇంతవరకూ ఫోనైతే రాలేదు.