ఇంకో పిడికెడు బియ్యం

(ఒంగోలులో స్త్రీల సమాజం కూడికలో చేసిన ప్రసంగం)

ప్రభువునందు ప్రియమైన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, పెద్దలకు వందనాలు.

ఈ మధ్య ఎవరిని కదిపినా కన్నీళ్లే. పిల్లాడికి ఉద్యోగం రాలేదని ఒకరు, అప్పు తీరడం లేదని ఒకరు, రిపోర్టుల్లో ఏమొస్తుందోనని టెన్షన్‌తో ఇంకొకరు. "ప్రార్థన చేస్తూనే ఉన్నాం, ధైర్యమే రావడం లేదమ్మా" అంటారు. ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. నేనూ అన్నాను. నిరీక్షణ గురించి మాట్లాడమన్నారు గనుక, మన నేల మీద జరిగిన సంగతే చెబుతాను.

1876లో మొదలైన కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. వానల్లేవు, పంటల్లేవు, దాని వెనకే కలరా. అప్పుడు ఒంగోలులో క్లౌ దొర ఉండేవారు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని నేర్చుకున్నారు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఇది చిన్న విషయం కాదు. వేరే చోట్ల తిట్లు, దెబ్బలు తిన్న మాదిగపల్లెల వాళ్లకు ఇక్కడ తమ మనిషే పక్కన నిలబడి పని చెప్పాడు, కూలి ఇప్పించాడు.

పని ఆపి కాస్త కూర్చున్నప్పుడు ఆ బోధకులు చెప్పిన వాక్యం మనందరికీ కంఠతా వచ్చిందే. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." అప్పుడే మట్టితట్ట దించిన మనిషికి భారమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు కదా!

వాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కరువు సాయం తన చేతుల మీదుగా నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, ఆపి ఉంచారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని. సాయం ఆగిపోతుందని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నా మనసు మాత్రం దానికి ముందున్న నెలల దగ్గరే ఆగిపోతుంది. నువ్వు మా సంఘం వాడివేనా అని అడగకుండా పని ఇచ్చి అన్నం పెట్టిన నెలలవి.

ఇక నా సంగతి. 2021 మే నెలలో మా ఇంట్లో నలుగురం కోవిడ్‌తో పడిపోయాం. మా వారికి ఆక్సిజన్ బెడ్ దొరకలేదు, రెండు ఆసుపత్రులు తిరిగి ఇంటికే తెచ్చుకున్నాం. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అర్థం ఎక్కేది కాదు. మా సంఘంలోని ఒక అక్క రోజూ పన్నెండింటికి గేటు గడియకు స్టీలు క్యారియర్ తగిలించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, "అమ్మాయ్, అన్నం" అని కేకేసేది. పై గిన్నెలో మిరియాల చారు, కింద మెత్తగా వండిన అన్నం. నేను తలుపు తీసేదాకా ఎండలో అక్కడే నిలబడేది.

ఆమె భర్త పోయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. కోలుకున్నాక అడిగాను, "అక్కా, నీకు ఆ ఓపిక ఎక్కడిది?" అని.

"బియ్యం కొలిచినప్పుడల్లా చెయ్యి ఇద్దరికి పోసేస్తోందే. ఆ రెండోది ఎవరికి పెట్టను? నువ్వు గుర్తొచ్చావు" అంది.

తాము పొందిన ఆదరణతోనే శ్రమలో ఉన్న ఇతరులను ఆదరించగలమని పౌలు కొరింథీయులకు రాశాడు. దుఃఖం తీరాక చేద్దామని ఆ అక్క ఆగలేదు. దుఃఖంలోనే వండింది. తనకు కూడా పూట పూటకీ లేవడానికి ఒక పని ఉండేదట. మా వారు బతికారు, ఆమె భర్త బతకలేదు. ఎందుకలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు, తెలిసినట్టు మీకు చెప్పను.

మన తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. ఆ డబ్బా ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపించడం లేదు. వచ్చే ఆదివారం నుంచి మళ్లీ మొదలుపెడదాం. శనివారాలు పెద్దాసుపత్రి దగ్గర రోగులకు తోడుగా వచ్చి చెట్ల కింద పడుకునేవాళ్లకు వండి తీసుకెళ్దాం. ఏ ఊరు, ఏ మతం అని అడగొద్దు. వంటకు ఆ అక్క ఒప్పుకుంది. వడ్డించడానికి ఆరుగురు కావాలి. కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, పేర్లు రాసుకుంటాను.