కొత్త డయాటమ్ అనే ముందు బీకరు చూడండి

వేదిక మీది పెద్దలకు, బరంపురం తెలుగు మిత్రులకు నమస్కారం. సైన్సు దినోత్సవం కదా, పిల్లలకి ఉత్సాహం కలిగేలా మాట్లాడమన్నారు. నేను బీకర్లు కడగడం గురించి మాట్లాడతాను.

డయాటమ్ అంటే నీళ్లలో పెరిగే, కంటికి ఆనని నాచు; దానిది ఒకే కణం. చుట్టూ సిలికా పెంకు, మూతా అడుగూ ఉన్న కుంకుమ భరిణెలాగ. కణం చచ్చినా పెంకు మిగులుతుంది. అంటార్కిటికా చుట్టూ సముద్రం అడుగున అవే పేరుకుపోయాయి.

ఆ అడుగుమట్టిలో కొత్త జాతి వెతకాలంటే ముందు పెంకుల్ని శుభ్రం చెయ్యాలి. ఎండిన మట్టి అర గ్రాము చాలు. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం పోతుంది. కడిగి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు కొంచెం కొంచెంగా పోసి, వేడినీళ్ల తొట్టిలో పెట్టండి. ఒక్కసారే గుమ్మరిస్తే పొంగి బల్లపాలు. తర్వాత డిస్టిల్డ్ వాటరుతో కడుగుడు: సెంటీమీటరు లోతుకి గంట చొప్పున తేరనిచ్చి, పైనీళ్లు వంచాలి. తొందరపడితే చిన్న పెంకులు సింకులోకే. ఆమ్లం మిగిలితే స్లయిడు మీద ఉప్పుపలుకులు కడతాయి. సెంట్రిఫ్యూజు జోరుగా తిప్పితే పొడుగు పెంకులు విరుగుతాయి.

ఇక బీకరు. పెంకు గాజుగీతలో ఇరుక్కుంటే ఈ రసాయనాలకి కరగదు. నిన్న చిలికా సరస్సు నీళ్లు ఉడికించిన బీకరులో ఇవాళ ధ్రువపు మట్టి ఉడికిస్తే, మీ కొత్త జాతి ఊరు చిలికాయే! అందుకే మట్టి వెయ్యకుండా, అవే రసాయనాలూ అవే నీళ్లతో ఒక ఖాళీ స్లయిడు చెయ్యాలి. చెయ్యరు. ఎందుకు చెయ్యరండీ? ఒక స్లయిడు ఖరీదెంత? వెనక వరసలో బాబూ, నీకే చెబుతున్నాను.

ఏదో చెప్పబోయి... ఆఁ, పెంకు మీది సన్నటి చారలు. పెంకుల్ని స్లయిడుకి అంటించే కెనడా బాల్సమ్ జిగురులో అవి సరిగ్గా కనపడవు. దాని వక్రీభవన గుణకం 1.54, పెంకుది 1.43 దగ్గర; తేడా చాలదు. నాఫ్రాక్స్ అనే జిగురుది 1.7కి దగ్గర, అది వాడండి. వెయ్యి రెట్లలో చూసి పొడవు, వెడల్పు, 10 మైక్రాన్లలో చారలెన్నో రాయండి. ఫ్రాజిలేరియాప్సిస్ అనే డయాటమ్‌లలో కర్టా జాతికి ఒక కొన కాస్త లావు, సిలిండ్రస్ జాతికి రెండూ ఒకటే. జాతులు విడిపోయేది అంత చిన్న తేడాలోనే.

ఒక్క పెంకు చూసి పేరు పెట్టకండి. కణం చీలిన కొద్దీ పెంకులు చిన్నవవుతాయి, ఆకారమూ మారుతుంది. పెద్దదాన్నీ చిన్నదాన్నీ రెండు జాతులనుకున్నవాళ్లున్నారు. వరసంతా కొలవండి.

పేరు చెల్లాలంటే లాటిన్‌లోనో, 2012 నుంచి ఇంగ్లీషులోనైనా వర్ణన ఉండాలి. బొమ్మ, హోలోటైపు (అంటే ఆ పేరుకి ఆధారమైన ఒక్క నమూనా), అది ఏ సంస్థలో దాచారో ఆ పేరు కూడా. బీరువాలో దాచుకుంటే కుదరదు.

రండి, మైక్రోస్కోపు పెట్టాం. మొదటిది ఖాళీ స్లయిడు. అందులో ఏదైనా కనిపిస్తే చెప్పండి.