మీరు కొన్నది లీటరు నూనేనా?

వంటింట్లో ఉన్న నూనె ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకోండి. వీడియో ఆపి తెచ్చుకున్నా పర్లేదు. ధర తర్వాత చూద్దాం, ముందు నికర బరువు ఎంత రాశారో వెతకండి. 910 గ్రాములని ఉంటే అది లీటరు ప్యాకెట్. 870 అనో, 850 అనో ఉంటే మీరు కొన్నది లీటరు కాదు. కొట్టులో "ఒక లీటరు ఇవ్వండి" అని అడిగింది మనమే. ప్యాకెట్ మీద లీటరు అనే మాటే లేదు, కావాలంటే తిప్పి చూడండి.

ఇది నేరమా అంటే, కాదు. ఇదివరకు నూనె, పిండి, సబ్బు లాంటివి ఫలానా సైజుల్లోనే అమ్మాలని తూనికలు కొలతల నిబంధనల్లో జాబితా ఉండేది. 2021 సవరణలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఎంత తూకంతోనైనా ప్యాక్ చేసుకోవచ్చు, లోపల ఉన్నంత పైన రాస్తే చాలు. ధర పది రూపాయలు పెంచితే కొట్టు దగ్గరే గొడవ పెట్టుకుంటాం. అరవై గ్రాములు తగ్గిస్తే ఎవరు చూస్తారు? రెండు రోజుల ముందే నూనె అయిపోతే, ఈ నెల బజ్జీలు ఎక్కువేశాం అనుకుంటాం.

జాబితా తీసేసిన ఆ సవరణలోనే, దానికి బదులుగా ఒకటి పెట్టారు: యూనిట్ ధర. ఎంఆర్‌పీ పక్కన యూఎస్‌పీ అని సన్నగా ఉంటుంది. కిలోలోపు ప్యాకెట్‌కి గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర. మంచిదే, కానీ నూనె దగ్గర ఇది సరిగ్గా పనికిరాదు. ఎందుకంటే రూపాయల్లో రెండు దశాంశాల దాకానే రాస్తారు. లెక్క కోసం రెండు ధరలు అనుకుందాం. 910 గ్రాములు 142 రూపాయలు, 850 గ్రాములు 140. రెండింటి మీదా గ్రాముకు 0.16 అనే ఉంటుంది. ఫోన్‌లో లెక్కేయండి: ధరను గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చించాలి. మొదటిది కిలో 156, రెండోది దాదాపు 165. రెండు రూపాయలు చవక అనుకుని తీసుకున్న ప్యాకెట్ కిలోకి ఎనిమిదిన్నర రూపాయలకు పైనే ఎక్కువ! నెలకు నాలుగు కిలోలు వాడే ఇంట్లో ముప్పై నాలుగు రూపాయలకు పైనే, ఒక్క నూనె మీదే.

అందుకే కొట్లో లీటరు అనకండి, "910 గ్రాములది ఇవ్వండి" అనండి. బియ్యం బస్తాది ఇంకో కథ. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగ్‌కి జీఎస్‌టీ వేసేసరికి మన దగ్గర 26 కిలోల బస్తా పుట్టింది. ఈ ఒక్కచోట తూకం పెరిగింది. అక్కడా బస్తా ధర కాదు, కిలో ధరే పోల్చాలి.

మరి ఫిర్యాదు దేనికి చేయొచ్చు? రాసినదానికన్నా తూకం తగ్గితే, ఎంఆర్‌పీ మించి తీసుకుంటే, పాత ధర మీద ఎక్కువ ధర స్టిక్కర్ వేస్తే. కూల్‌డ్రింక్‌కి "కూలింగ్ చార్జీ" కూడా ఎంఆర్‌పీ మించడమే. తూకం విషయంలో ఒక మెలిక ఉంది. అర కిలో నుంచి కిలో దాకా ప్యాకెట్‌లో ఒక్కోదానికి 15 గ్రాముల తేడాను నిబంధనలే ఒప్పుకుంటాయి. కాబట్టి ఐదు గ్రాములు తగ్గిందని పరిగెత్తితే పని జరగదు. 850 గ్రాముల ప్యాకెట్ కవరుతో కలిపి కూడా 835 తూగలేదంటే అప్పుడు పట్టుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే, తెలుగులోనే చెప్పొచ్చు, ఫిర్యాదు నంబరు ఇస్తారు. వాళ్లు కంపెనీతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు, తీర్పు ఇవ్వలేరు. తనిఖీ, జరిమానా తూనికలు కొలతల శాఖ పని, ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్తుంది. మీకు పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, కానీ రెండేళ్లలోపు వేయాలి. సరుకుకు మీరు కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

చాలా ఫిర్యాదులు ఆగిపోయేది బిల్లు దగ్గర. యూపీఐలో ఎంత కట్టారో ఉంటుంది, ఏం కొన్నారో ఉండదు. కాగితం ముక్క మీదైనా సరుకు పేరు, ధర, తేదీ రాయించి కొట్టు ముద్ర వేయించుకోండి. ప్యాకెట్‌కి రెండు వైపులా ఫొటో తీయండి, బ్యాచ్ నంబరు కనపడాలి. తూకం అనుమానమైతే మాత్రం ప్యాకెట్ కోయొద్దు. కోసిన ప్యాకెట్‌లో ఎంత తగ్గిందో ఎవరూ తేల్చలేరు.