బారెన్ దీవికి వెళ్ళొచ్చాను, దిగలేదు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, నేను ఆ దీవి మీద కాలు పెట్టలేదు. "అగ్నిపర్వతం ఎక్కొచ్చిన టీచరమ్మ మాట్లాడుతుందట" అని విని మీలో కొందరు వచ్చారని ఇందాక గుమ్మం దగ్గరే తెలిసింది. ఎక్కలేదు. ఎక్కనివ్వరు. ఎక్కకూడదు కూడా, ఎందుకు కూడదో చెప్పాలనే ఈ గంట అడిగి తీసుకున్నాను.

భారతదేశంలో ఇప్పటికీ మండుతున్న అగ్నిపర్వతం ఏది? బారెన్ దీవి. ఇరవై ఏళ్ళకు పైగా నేను పిల్లలకు చెప్పించిన ఒక మార్కు బిట్టు ఇది. ప్రశ్న చదవడం, జవాబు రాయించడం, తర్వాతి బిట్టుకి వెళ్ళిపోవడం. ఆ జవాబుకి ఒక వాసన ఉంటుందని, ఒక ఆకారం ఉంటుందని, దాని గోడ మీద మేకలు తిరుగుతుంటాయని నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, ఆ విషయం ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

ఎక్కడుంది అంటే, పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రం మధ్యలో. 2024 సెప్టెంబర్‌లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మా వాళ్ళ నోట మాత్రం ఇంకా పాత పేరే వస్తుంది కాబట్టి నేనూ అదే అంటాను. దీవి చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకి మూడు కిలోమీటర్లు. ఎత్తు 354 మీటర్లు. ఇంతేనా అనకండి. అక్కడ సముద్రం లోతు రెండు కిలోమీటర్ల పైమాటే, ఆ అడుగు నుంచి లేచిన పర్వతం అది, మనకు కనిపించేది కొప్పు మాత్రమే. అడుగు నుంచి కొలిస్తే రెండున్నర వేల మీటర్లు దాటుతుంది. మన తూర్పు కనుమల్లో ఎత్తైన అర్మకొండ 1,680 మీటర్లు, పోల్చుకోండి. ఒక మాట, అండమాన్‌లోనే ఉన్న బారాటాంగ్ దీవిలో బురద అగ్నిపర్వతాలు చూసొచ్చి అదే ఇది అనుకునేవాళ్ళున్నారు. అక్కడ గ్యాస్ బురదను పైకి తోస్తుంది, అంతే. లావా లేదు.

మా చిన్నాన్న వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉంటారు. మన శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళిన మత్స్యకారుల ఇళ్ళు అక్కడ వరసగా ఉంటాయి, రేవులోకి అడుగు పెడితే చెవిన పడేది మన యాసే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి పదమూడు మంది. అంటే ఆ అగ్నిపర్వతానికి దగ్గర్లో బతుకుతున్న జనంలో మనవాళ్ళు తక్కువేం కాదు. అయినా మన తెలుగులో దాని గురించి ఉన్నది ఆ ఒక మార్కు బిట్టే.

మొదటిసారి వెళ్ళినప్పుడు చూడలేకపోయాను. నవంబర్‌లో వెళ్ళాం, అదే తప్పు. ఈశాన్య రుతుపవనాల కాలం, సముద్రం నిలకడగా ఉండదు. టికెట్లు అమ్మిన ఏజెంటు "ఏం ఫర్వాలేదు, వీలైతే ఒడ్డున దింపి ఫొటోలు కూడా తీయిస్తాం" అన్నాడు, నేను నమ్మాను. రాత్రి బయల్దేరిన మూడు గంటలకు అలలు పడవని ఒక పక్కకి ఎత్తి రెండో పక్కకి పడేయడం మొదలుపెట్టాయి. పడవలో సగం మంది వాంతులు. మా తమ్ముడి కూతురు నా చెయ్యి పట్టుకుని "అత్తా, ఇంటికెళ్ళిపోదాం" అని ఒకటే ఏడుపు. పడవ నడిపే సరంగు ఎవర్నీ అడగలేదు, వెనక్కి తిప్పేశాడు. కొందరు డబ్బులు పోయాయని అతని మీద అరిచారు. నేను అరవలేదు కానీ లోపల నాకూ కోపమే వచ్చింది. తెల్లారాక రేవులో దిగుతున్నప్పుడు అతని కళ్ళు చూశాను, రాత్రంతా చక్రం వదల్లేదు ఆ మనిషి. కోపం అక్కడే పోయింది. ఏజెంటు చెప్పిన ఫొటోల మాట అబద్ధమని కూడా తర్వాతే తెలిసింది, ఆ దీవి వన్యప్రాణి అభయారణ్యం, అటు వెళ్ళడానికే అటవీ శాఖ అనుమతి కావాలి, యాత్రికులు దిగడానికి వీల్లేదు.

చిన్నాన్న ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండేవాడు, యాభై ఏళ్ళుగా ఆ నీళ్ళలో వేటకి వెళ్ళినవాడు. నేను రెండోసారి వెళ్తున్నానని తెలిసి వలకు పురి వేస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఎల్లమ్మా, సూడు. పొగ ఎటు వాల్తే గాలి అటని మాకదే గుర్తు. దూరంగుండి సూడు. దిగీకు." ఏం తాతా అంటే, "అది మనది కాదు" అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

రెండోసారి మార్చిలో. రాత్రి పదికి బయల్దేరాం. సముద్రం చెరువులా ఉంది. అండమాన్‌లో తెల్లవారడం మనకంటే బాగా ముందే, గడియారం మనదే అయినా సూర్యుడు త్వరగా వచ్చేస్తాడు, ఐదింటికే తూర్పు ఎర్రబడింది. ఆ ఎరుపులో ముందు ఒక నల్లటి గీత, తర్వాత అది పైన కోసేసిన కుండలా మారింది, దాని మీద నుంచి ఒక తెల్లటి పొగ పోగు, వెనక నుంచి వెలుగు తగిలి అంచులు నారింజ రంగులో. డెక్ మీద ఇరవై మందిమి ఉన్నాం, ఒక్కరూ మాట్లాడలేదు.

దీవి పడమటి వైపుకి వెళ్ళాక సరంగు ఇంజిన్ ఆపాడు. పడమటి వైపే ఎందుకంటే ఆ కుండ గోడ అటు పగిలి ఉంటుంది, లోపలికి చూపు వెళ్తుంది. బయటి గోడ పాతది, దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు గిన్నె, ఆ గిన్నె మధ్యలో కొత్త శంకువు, బూడిద కుప్పపోసినట్టు నున్నగా, బొగ్గు రంగులో. దాని కొస నుంచి పొగ. శంకువు అడుగు నుంచి పగులు గుండా సముద్రం దాకా నల్లటి లావా పరుచుకుని ఉంది, దున్ని వదిలేసిన రేగడి చేను బెడ్డలు తేలి ఉంటుంది చూడండి, అలాగ, కాకపోతే ఒక్కో బెడ్డ మనిషంత. అలలు వచ్చి ఆ బెడ్డల్లో పడి చప్పుడు చేస్తున్నాయి. గాలి ఒక్కసారి మా వైపు తిరిగింది, దీపావళి మర్నాడు పొద్దున వీధిలోకి వస్తే ఉండే వాసన, గంధకం. రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి తీసి చూసుకుంటే అరచేతికి సన్నటి నల్లటి నలుసులు అంటుకుని ఉన్నాయి. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడాయి. ఆ బూడిద ఎంతో కాలం కిందటిది కాదు, ఆ వారంలో భూమి లోపలి నుంచి వచ్చినదేమో అని అనిపించగానే ఒళ్ళు జలదరించింది.

అది ఎందుకు మండుతోందో పిల్లల కోసం చెప్తాను. భూమి పైపొర పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే ఫలకాలంటారు. మనం నిలబడ్డ భారత ఫలకం అక్కడ బర్మా ఫలకం కిందకి దూరుతోంది. దూరుతూ ఊరుకోదు, సముద్రపు నీళ్ళు పట్టిన రాళ్ళను కూడా లోపలికి తీసుకెళ్తుంది. లోతుకి వెళ్ళాక ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి చేరుతుంది. కుల్ఫీ బండివాడు ఐసు ముక్కల మీద ఉప్పు ఎందుకు చల్లుతాడు? ఉప్పు తగిలితే ఐసు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది. అక్కడ నీరు చేసే పని అదే, రాయి తను మామూలుగా కరగాల్సిన వేడి కంటే తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది తేలికై పైకి వస్తుంది. మయన్మార్ నుంచి సుమత్రా దాకా ఉన్న అగ్నిపర్వతాల వరసలో ఇది ఒకటి. 2004 డిసెంబర్ 26 సునామీ మనకు గుర్తుంది కదా, ఆ భూకంపాన్ని పుట్టించింది కూడా ఇదే దూరడం. తర్వాత ఐదు నెలలకు, 2005 మే నెలలో, బారెన్ మళ్ళీ పేలింది.

పోర్ట్ బ్లెయిర్‌కి పేరిచ్చిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో దీన్ని మండుతుండగా చూశాడు. పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం మండి చల్లారిపోయింది. చల్లారిపోయిందనే అందరూ అనుకున్నారు, ఎందుకంటే ఆ తర్వాత తరాలకు తరాలు గడిచిపోయాయి, ఏమీ లేదు. 1991లో మళ్ళీ లేచింది. నెలల తరబడి లావా కక్కింది. అప్పటి నుంచి ఆగుతూ, లేస్తూనే ఉంది. 2017 జనవరిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు దగ్గర్లో సముద్రం అడుగు మట్టి తీస్తుండగా ఉన్నట్టుండి బూడిద చిమ్మడం మొదలైంది, పగలు బూడిదే కనిపించింది, చీకటి పడ్డాక చూస్తే ఎర్రటి లావా ఎగజిమ్ముతోంది. 2025 సెప్టెంబర్‌లో కూడా లేచింది.

ఇప్పుడు అసలు మాట. బారెన్ అంటే గొడ్డు నేల అని అర్థం. ఎవరు పెట్టారో కానీ ఆ పేరు నాకు నచ్చదు. దక్షిణం వైపుకి తిరిగితే బయటి వాలంతా పచ్చగా చెట్లు. పావురాలు, గబ్బిలాలు ఉన్నాయి. 1993 ఏప్రిల్‌లో భూగర్భ సర్వే వాళ్ళు దిగి చూస్తే, అంతకు ముందు అక్కడ లెక్కకి ఉన్న 16 రకాల పక్షుల్లో 6 రకాలే కనిపించాయి, 1991 పేలుడు చేసిన పని అది. తెల్లటి ఒంటికి నల్లటి రెక్క అంచులుండే పెద్ద పావురాలు మాత్రం ఎక్కువగా కనిపించాయట. అంటే ఆ దీవి మీద బతుకు కొంత పోయి, కొంత నిలిచి, మళ్ళీ మొదలవుతూ ఉంది. ఆ మొదలవడంలోకి మనం చెప్పుల మట్టితో, విత్తనాలతో, చిప్స్ ప్యాకెట్లతో దిగుతామా? మనిషి వచ్చి వెళ్ళిన చోట ఏం మిగులుతుందో అక్కడ ఇప్పటికే కనిపిస్తోంది. ఎలుకలు ఉన్నాయి, మేకలు ఉన్నాయి. మేకలు ఈదుకుంటూ రాలేదు, పాతకాలంలో ఓడలవాళ్ళు వదిలిపెట్టినవి. వాటి సంతానం ఇప్పటికీ ఆ గోడల మీద బతుకుతోంది.

నాకు దిగులుగా ఉన్నది ఇదే. దీవికి వెళ్ళే పడవలు ఇంకా పెరుగుతాయి, పెరిగితే మంచిదే, నాలాంటివాళ్ళు చూడాలి, పిల్లలు తప్పకుండా చూడాలి. కానీ డబ్బు వచ్చే చోట "ఒక్కసారి దింపుదాం, ఏం పోతుంది" అనేవాళ్ళు కూడా వస్తారు. మీరు వెళ్ళినప్పుడు ఎవరైనా దింపుతామంటే వద్దనండి. మీరు వద్దంటేనే ఆ మాట ఆగుతుంది. దిగలేదు కాబట్టి చూడలేదన్నట్టు కాదు. దూరం నుంచి చూస్తేనే ఆ గిన్నె, ఆ శంకువు, ఆ పగులు, ఆ పచ్చదనం ఒకేసారి కళ్ళకి ఆనతాయి, మీద నిలబడితే కాళ్ళ కింద రాళ్ళు తప్ప ఏం కనిపిస్తాయి?

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మూడు మాటలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో పెట్టుకోండి. తిరుగు టికెట్‌కి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి, సముద్రం ఒప్పుకోకపోతే ఆ రోజు ప్రయాణం ఉండదు. సముద్రం పడనివాళ్ళు డాక్టర్‌ని అడిగి మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నూనె సరుకు తిని అసలే ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు చాలు. అనుమతి కాగితం ఉందా అని పడవవాళ్ళని మీరే అడగండి, మొహమాటపడకండి. అగ్నిపర్వతం ఆ రోజు నిద్రపోతూ ఉండొచ్చు, పొగ కూడా లేకపోవచ్చు, టెన్షన్ పడి కెమెరా పట్టుకుని కూర్చోకుండా ఊరికే చూడండి. సరంగు వెనక్కి తిప్పుదాం అంటే ఆ మాటకి ఎదురు చెప్పకండి.

ఇంజిన్ ఆపిన ఆ అరగంటలో మా తమ్ముడి కూతురే ముందు చూసింది, నేను కాదు. బైనాక్యులర్స్ నా చేతిలోంచి లాక్కుని, "అత్తా, అక్కడ, అక్కడ" అంది. గోడ మీద, నిట్టనిలువుగా ఉన్న చోట, ఒక నల్లటి మేక. కింద పొగ తేలిపోతోంది, అది తల ఎత్తి ఏదో పొద ఆకులు పీకుతోంది, తాపీగా, మా ఊళ్ళో కాలవ గట్టు మీద మేకలు పీకినట్టే. మేం ఉన్నామని దానికి తెలీదు. తెలియకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఫొటోలు ఆ కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను, వెళ్ళేటప్పుడు చూడండి. మూడో ఫొటోలో ఎడమ పక్క పైన ఒక చుక్కలా ఉంటుంది, మచ్చ అనుకుని తుడిచేయకండి, అదే మేక.